నల్లబడిన బొటనవేలు

"ఈ కాగితం నీకేనమ్మా, పెట్టుకో."

"నాకొద్దప్పా. నేను ఏ కాగితమూ ముట్టుకోను."

బస్సులో కలిసిన ఒకతనితో నా ఆఖరి మాట అదే, రాయవే సుజాతా. అప్పటికి మీ పెద్దనాన్న పోయి ఏడాది. నాచేత వేలిముద్ర వేయించుకుని చేను లాక్కోవాలని నా మరుదులు తిరుగుతున్నారు. పుంగనూరులో మదనపల్లె బస్సెక్కాను. పక్క వరస సీటులో అతను నన్ను చూస్తాడు, ఒళ్లోని కాగితం మీద ఏదో గీస్తాడు, మళ్లీ చూస్తాడు. బొటనవేలు నల్లగా ఉంది. వేలిముద్రలు వేయించే మనిషే అనుకున్నాను.

"ఎవురప్పా నిన్ను పంపింది?"

"ఎవురూ లేదమ్మా. పిల్లోళ్ల పుస్తకాలు రాస్తా, బొమ్మలూ నేనే ఏస్తా. నా కతలో ఎవుర్నీ నమ్మని అవ్వ ఒకామె ఉండాది. ఆమెకు మొగం కావాల."

"నీ కంటికి నేను అవ్వనా?"

అతను నవ్వి, పెన్సిలు గీతను బొటనవేలితో రుద్ది నీడ చేసి చూపించాడు. కాగితంలో నేనే, కళ్లు చిట్లించి, కొంగు బిగించి పట్టుకుని. అయినా తీసుకోకుండా దిగిపోయాను.

చేను ఇప్పటికీ నాదే. బడిపిల్లల దగ్గర బొమ్మల పుస్తకం కనిపిస్తే మాత్రం అడిగి తీసుకుని, చివరిదాకా తిరగేసి ఇస్తాను.

ఏమే, మా చెల్లెలి కూతురివైనా నిన్ను నమ్మేది లేదు. రాసిందంతా ఒకసారి చదువు, ఇంటాను.