చివరి మేకను చూడమన్న బూబమ్మ

ఈ మాటలు నేను చాలా ఏళ్ల కిందటే రాయవలసింది. రాయలేదు, ఎందుకంటే నాకు అప్పుడు అక్షరాలు రావు. యాభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా బొటనవేలే నా సంతకం. రెండేళ్ల కిందట మా వీధి అంగన్‌వాడీ టీచరు, మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక మా ఆడవాళ్లను నలుగురిని కూర్చోబెట్టి నేర్పితే, కూడబలుక్కుంటూ చదవడం, ఆ తర్వాత రాయడం వచ్చాయి. వచ్చాక కూడా ఏడాదిపాటు ఇది మొదలుపెట్టలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాదు, మొదలుపెడితే ఒక చోటికి రావాలి, అక్కడికి రావడానికి భయం.

ఈ పొద్దున పక్కింట్లో బాలింతకు నీళ్లు కాచారు. వావిలాకు వేసి మరగబెట్టిన నీళ్ల వాసన గోడ దాటి మా వంటింట్లోకి వచ్చింది. ఆ వాసన తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్లకు ఎట్లా చెప్పాలో తెలియదు. చేదుగా, వెచ్చగా, ముక్కులోంచి నేరుగా తలలోకి ఎక్కుతుంది. ఆ బాలింత పేరు సునీత, పక్కింటి కోడలు. కాన్పయి ఇరవై రోజులు. బిడ్డ బాగుంది. సునీతే ఎవరితోనూ మాట్లాడడం లేదని, గోడవైపు తిరిగి పడుకుంటుందని వాళ్ల అత్త మొన్న నాతో అంది. వాసన వచ్చినప్పటి నుంచి నాకు పని సాగలేదు. నోటుబుక్కు తీసుకుని కూర్చున్నాను.

నాకూ ఆ నీళ్లు పోశారు, ముప్పై ఐదేళ్ల కిందట. మాది గురజాల వైపు పల్లె. పెళ్లయ్యాక మాచర్ల వచ్చాం. మా ఆయన నాపరాళ్ల మిల్లులో లోడింగు పని చేసేవాడు. ఊరి చివర ఒక గది. గోడలూ నాపరాళ్లే, పైకప్పూ నాపరాళ్లే. కిటికీ లేదు. వేసవిలో ఆ గది రొట్టెల పెనంలా కాలేది. ఆ గదిలోకే నేను కాన్పు తర్వాత వట్టి చేతులతో తిరిగొచ్చాను. ఆడపిల్ల పుట్టిందన్నారు, ఏడవలేదన్నారు. నాకు తెలివి వచ్చేసరికి పెద్దవాళ్లు చెయ్యవలసింది చేసేశారు. బిడ్డ లేకపోయినా బాలింత బాలింతే కదా అని, మా అమ్మ పదకొండు రోజులు వావిలాకు నీళ్లు పోసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను మాట్లాడడం మానేశాను. తినడం మానేశాను. నిద్ర రాదు, మెలకువగానూ ఉండదు. మా ఆయన నన్ను నరసరావుపేట డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన బిళ్లలు రాసిచ్చి, "మనిషిని ఒంటరిగా ఉంచకండి" అన్నాడు. మా ఆయన పనికి పోకపోతే పొయ్యి వెలగదు, పనికి పోతే నేను ఒంటరి. ఒకరోజు ఎండ నడినెత్తి మీదున్నప్పుడు నేను గది తలుపు తీసి, నడుచుకుంటూ పోయి, సాగర్ కాలువ గట్టు మీద నిలబడ్డాను. కాలువ నిండుగా పారుతోంది. ఎందుకు వెళ్లానని ఇప్పుడు అడిగితే, చెప్పుకోవడానికి ఇష్టం లేని కారణానికే వెళ్లానని రాస్తున్నాను.

"ఏమే, ఇటు రా. ఈ పిల్లను పట్టుకో."

వెనక్కి తిరిగితే ఖాసింబీ. మా వీధిలోనే ఉండేది. ఊరంతా బూబమ్మ అనేవాళ్లు. భర్త పోయాక మేకలు కాచుకుని బతికేది. పొట్టి మనిషి, నోరు పెద్దది, చేతిలో ఎప్పుడూ తుమ్మకర్ర. ఒక మేకపిల్లను నా చేతుల్లో పడేసి, "ఆ ముండ చూడు, మిరప చేలోకి పోతంది. మందు కొట్టిన చేను. మలుపుకొస్తా. దీన్ని వదిలావంటే నీ సంగతి చెప్తా" అని గట్టు దిగి పరిగెత్తింది. నేను ఆ పిల్లను పట్టుకుని నిలబడ్డాను. దాని గుండె నా అరచేతికి టకటకా కొట్టుకుంటోంది. వదలడానికి వీల్లేదు. ఆవిడ వచ్చేదాకా కదలడానికీ వీల్లేదు. వచ్చాక నన్ను ఏమీ అడగలేదు. "నడువు" అంది. ఇంటిదాకా ఆ పిల్లను నాచేతే మోయించింది.

ఆ సాయంత్రం మా ఆయన మిల్లు నుంచి రాగానే ఖాసింబీ వచ్చి మా గుమ్మంలో కూర్చుంది.

"అబ్బయ్యా, నీ పెళ్లాన్ని రేపటి నుంచి నాతో పంపు. మందకు వెనక మనిషి కావాలి."

"అది ఇంట్లో పొయ్యే ముట్టించడం లేదు బూబమ్మా, మేకల్నేం కాస్తది?"

"మేకలు అన్నం వండమని అడగవులేరా" అంది. పోతూ పోతూ నావైపు తిరిగి, "బిళ్లలు మాత్రం మానమాక. బిళ్ల బిళ్లే, కొండ కొండే" అంది.

అట్లా మర్నాడు మొదలైంది. ఊరు దాటి, చంద్రవంక వాగు దాటి, పడమటి కొండల వైపు పోయేవాళ్లం. ఆవిడ ముందు, నేను వెనక. మేకలు కాయడంలో ముందు మనిషి పని దారి చూడడం. వెనక మనిషి పని చివరి మేకను చూడడం. "అన్నింటినీ చూడాలనుకోమాక, తల తిరుగుద్ది. ఆ చివర నడిచేదాన్నే చూడు. అది ఎటు పోతంది, దేనికి మూతి పెడతంది, అంతే నీ పని" అనేది. ఆ రోజుల్లో చివర నడిచేది నల్లచెవుల మేక. సూడిది. పొట్ట బరువుతో ఆగి ఆగి నడిచేది.

సాయంత్రం వాగు దగ్గరికి తిరిగొచ్చాక ఖాసింబీ చెప్పులు విప్పి, నీళ్లలో కాళ్లు పెట్టుకుని అడిగేది.

"ఇయాల ఏం తిన్నయి?"

ఊరికే అడిగే మాట కాదు అది. మేక ఏం తిన్నదో తెలిస్తేనే పాలు ఎట్లా ఉంటాయో, రాత్రికి ఏ మేక పొట్ట పట్టుకుంటుందో, రేపు ఎటు తోలాలో తెలుస్తుంది. మొదటి రోజు నేను నోరు తెరవలేదు. రోజంతా కొండ మీద తిరిగి ఒక్క ఆకు చూడలేదు నేను. రెండోరోజూ అంతే. ఆవిడ కోప్పడలేదు, బతిమాలలేదు. తనే చెప్పుకునేది, మర్నాడు మళ్లీ అడిగేది. ఆరో రోజో ఏడో రోజో, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"రేగు."

"ఆకా, కాయా?"

"ఆకు. ముల్లు తప్పించి తిన్నది."

"ఆఁ. ఇంకా?"

"పేరు తెలవదు. తీగ."

"దూసర తీగ. రేపు చూపిస్తా."

బలుసు, పరికి, గొట్టి, ఉత్తరేణి. తంగేడును మేక ఎందుకు వదిలేస్తుందో, తుమ్మకాయ రాలిన చోటికి పిలవకుండానే ఎందుకు పరిగెడుతుందో నాకు తెలిసింది. చివరి మేకను చూడబోతే దాని పక్కన చెట్టు కనిపించేది. చెట్టును చూడబోతే దాని మీద పిట్ట. కొండ మీద గాలి పదింటికి ఒక రకంగా, మూడింటికి ఒక రకంగా ఉంటుందని కూడా అప్పుడే తెలిసింది. నెల తిరిగేసరికి నాకు ఆకలి వేసింది. మామూలు ఆకలి. ఒకరోజు ఖాసింబీ మూట విప్పితే, ఆవిడ రొట్టె కూడా నేనే తినేశాను. "యా అల్లా, మేకల కంటే ఎక్కువ మేస్తంది ఇది" అని కొండంతా వినబడేలా నవ్వింది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకున్నప్పుడు నేను చేసిన తప్పు ఇక్కడ రాయాలి. ఈ నోటుబుక్కు మొదలుపెట్టడానికి భయపడింది దీనికే.

ఒకరోజు మధ్యాహ్నం దాటాక, వాగు ఒడ్డున కొత్త దారిలో వస్తున్నాం. ఒక మలుపులో ఒడ్డంతా వావిలి పొదలు. మేకలు వావిలిని ముట్టవు, తొక్కుకుంటూ పోయాయి. నలిగిన ఆకు వాసన గుప్పుమని లేచింది. నా కాళ్లు ఆగిపోయాయి. అక్కడే కూర్చుని, మొహం మోకాళ్లలో పెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. లేచి చూస్తే నల్లచెవుల మేక పక్క చేలోంచి తీరిగ్గా వస్తోంది. కోసేసిన జొన్న చేను. మోళ్లకు చిన్న చిన్న పిలకలు వచ్చాయి. అది నా కంట పడింది, మనసులోకి ఎక్కలేదు.

"ఇయాల ఏం తిన్నయి?"

ఏడుస్తూ కూర్చున్నానని చెప్పడానికి సిగ్గేసింది. "రేగు. బలుసు" అన్నాను.

వీధి మొదట్లోకి వచ్చేసరికి మేక వణికింది. నోటి వెంట నురగ. ఖాసింబీ దాని పొట్ట నొక్కి చూసింది, మూతి వాసన చూసింది. "రేగాకు తింటే ఇట్టా ఎందుకయిద్ది?" అని తనలో తను అనుకుంటూ వాము నూరడానికి లోపలికి పోయింది. నేను అప్పటికైనా చెప్పాల్సింది. ఆవిడ బయటికి వచ్చేసరికి మేక కాళ్లు తన్నుకుంటోంది. అప్పుడన్నాను, "జొన్న చేలోకి పోయింది బూబమ్మా" అని. లేత జొన్నపిలకల్లో ఉండే విషాన్ని మావైపు నాము అంటారు. నాము అని వెంటనే తెలిస్తే పశువుల డాక్టరు సూది వేసేవాడు, బతికితే బతికేది. పొట్టలో రెండు పిల్లలతో అది మా కళ్ల ముందే పోయింది. ఖాసింబీ దాని చెవి నిమురుతూ కూర్చుంది. నావైపు చూడలేదు.

నేను గదిలోకి పోయి తలుపేసుకున్నాను. మళ్లీ అదే గోడ, అదే వేడి. కడుపులో బిడ్డలున్నదాన్ని నా చేతులారా చంపానన్న మాటే చెవుల్లో. ఇక ఆవిడ నా మొహం చూడదనుకున్నాను. ఈసారి కాలువ దగ్గరికి పోతే పిలిచేవాళ్లు ఉండరనీ అనుకున్నాను.

తెల్లవారగానే తలుపు మీద తుమ్మకర్రతో కొట్టిన చప్పుడు.

"ఏమే కోటమ్మా, పొద్దెక్కుతంది. రా."

నేను కదల్లేదు. ఆవిడే లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఆవిడ కళ్లు కూడా వాచి ఉన్నాయి.

"నా మేక పోయింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చా. కోపమొచ్చింది, నిన్ను తిట్టా, నీకు వినబళ్లేదు గానీ చానా తిట్టా. ఇప్పుడొక మాట చెప్తా విను. చూడకపోతే చూడలేదను. తప్పేంది? నువ్వు చూడలేదని చెప్పుంటే నేను చేలు వెతుక్కునేదాన్ని. చూశానన్నావు, అందుకు పోయింది."

నేను అనుకున్న మాట వేరు, బయటికి వచ్చిన మాట వేరు.

"నేను పాపను చూడలేదు బూబమ్మా."

ఎవరికీ చెప్పని మాట అది. అందరూ చూశారు. మా అమ్మ చూసింది, మా ఆయన చూశాడు, గొయ్యి తవ్వినవాడు చూశాడు. నాకు చూపించలేదు. ఎట్లా ఉందని అడిగితే బాధపడతానని వాళ్లు చెప్పలేదు, వాళ్లు బాధపడతారని నేను అడగలేదు. ఖాసింబీ నన్ను ఒళ్లోకి లాక్కుంది. ఓదార్పు మాట ఒక్కటి కూడా అనలేదు. "చూడలేదా తల్లీ... చూడలేదా..." అంటూ, నేను ఆపేదాకా వీపు నిమిరింది. ఆ తర్వాత లేచి, "మేకలు అరుస్తున్నయి" అంది. లేచి ఆవిడ వెనక నడిచాను. వాగు ఒడ్డున వావిలి పొదల దగ్గరికి వచ్చేసరికి, ఆవిడ కావాలనే ఆగి, చెప్పులో ముల్లు తీసుకుంటున్నట్టు నటించింది. నేను ఒక రెమ్మ తుంచి వాసన చూశాను. ఏడుపు వచ్చింది. ఆ పక్కనే నీళ్లు పారుతున్న చప్పుడు కూడా వినిపించింది.

మూడేళ్లు ఆ మందకు వెనక మనిషిగా ఉన్నాను. ఆ తర్వాత నాకు కొడుకు పుట్టాడు. వావిలాకు కోసుకొచ్చి నీళ్లు కాచింది ఖాసింబీయే.

ఎనిమిదేళ్ల కిందట ఆవిడ మంచం పట్టింది. మేకలు అప్పటికే లేవు. రోజూ సాయంత్రం పోయి పక్కన కూర్చునేదాన్ని. కళ్లు తెరవకుండానే, "ఇయాల ఏం తిన్నయి?" అని అడిగేది. అందుకోసమే నేను పొద్దున్నే వాగుదాకా నడిచి వచ్చేదాన్ని. కొండకు ఒక పక్క రాళ్లు తీసేశారు, ఇంకో పక్క అట్లాగే ఉంది. "పరికి పూతకొచ్చింది బూబమ్మా. తుమ్మ మీద గిజిగాడు గూడు కడుతున్నాడు" అని చెప్పేదాన్ని. ఒకరోజు జ్వరంతో వాగుదాకా పోలేకపోయాను. "ఇయాల చూడలేదు" అన్నాను. ఆవిడ పళ్లు లేని నోటితో నవ్వి, నా చెయ్యి నొక్కింది.

అక్షరాలు వచ్చాక టీచరు మా అందరినీ సొంతంగా ఏదైనా రాయమంది. మిగతావాళ్లు తమ పేరు, పిల్లల పేర్లు రాశారు. నేను రేగు, బలుసు, పరికి, గొట్టి, దూసర తీగ అని రాశాను. నాకు రాయడం నేర్పింది టీచరే. చూసింది చూశానని, చూడనిది చూడలేదని చెప్పడం మాత్రం ఖాసింబీ నేర్పింది. ఇప్పటికీ మనసు బరువెక్కితే బిళ్ల వేసుకుంటాను, వాగుదాకా నడుస్తాను, చివర ఏముందో దాన్ని చూస్తాను.

ఇంతవరకు రాసేసరికి పొద్దుగూకింది. నోటుబుక్కు మూసి పక్కింటికి పోయి, సునీతను డాక్టరుకు చూపించమని వాళ్ల అత్తకు గట్టిగా చెప్పి వచ్చాను. శుక్రవారం తీసుకెళ్తానంది.

మర్నాడు పొద్దున మళ్లీ వాళ్ల తలుపు కొట్టాను. "బాలింతకు గాలి తగలకూడదు కోటమ్మా" అంది వాళ్ల అత్త. "చెవులకు గుడ్డ కడదాంలే వదినా" అని, నులకమంచం తీసుకెళ్లి పెరట్లో మునగచెట్టు ఎదురుగా వేశాను. సునీతను పట్టుకొచ్చి కూర్చోబెట్టి, బిడ్డను ఒళ్లో పెట్టాను. చెట్టు తెల్లగా పూత మీద ఉంది.

"ఆ చివరి కొమ్మనే చూడు. దాని మీదికి ఏమేం వస్తయ్యో చూస్తా ఉండు. సాయంత్రం వచ్చి అడుగుతా" అన్నాను.

నేను గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి సునీత గొంతు సన్నగా వినిపించింది.

"చూడకపోతే?"

"చూడలేదని చెప్పు. రేపు మళ్లీ వస్తా."