మజ్జిగ వేళ దాకా తెరుచుకోని తలుపు

ఖుర్షిదాకి అబద్ధం ఆడటం చేతకాదు. ఆడిందంటే చెవులు కందిపోతాయి, పైట అంచు వేలికి చుట్టుకుంటుంది, ఎదుటివాళ్లు అడగకముందే సగం నిజం కక్కేస్తుంది. అలాంటి మనిషి, పంతొమ్మిది వందల అరవై రెండులో మిరప కోతలప్పుడు, పెదకాకాని దాటాక ఒక కల్లంలో కూర్చుని, పట్టపగలు అంతమంది ఆడవాళ్ల ఎదుట రోజుల తరబడి అబద్ధం చెప్పింది. అదీ అల్లాటప్పా అబద్ధం కాదు. అందులో ఒక జమీందారు, ఒక హత్య, ఒక డిటెక్టివు ఉన్నారు.

ఆమె పుట్టిల్లు కనిగిరి దగ్గర పల్లె. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఊళ్లో మిషన్ బడి ఉండబట్టి ఎనిమిదో క్లాసు దాకా చదివింది. ఆ తర్వాత చదువు ఆగిందిగానీ చదవడం ఆగలేదు. పల్లీలు పొట్లం కట్టిన కాగితమైనా సరే, పల్లీలు ఎవరికో ఇచ్చేసి కాగితం తను ఉంచుకునేది. పెళ్లయి ఈ వైపు వచ్చింది. మొగుడు నాగూర్ వలి గుంటూరులో పత్తి మిల్లులో పని, రోజూ బస్సులో పోయి వస్తాడు. పూలు తెచ్చే మొగుళ్లుంటారు, మిఠాయి తెచ్చే మొగుళ్లుంటారు. నాగూర్ వలి మాత్రం పెళ్లానికి హత్యలు తెచ్చేవాడు. స్టేషను దగ్గర అద్దె పుస్తకాల కొట్లో డిటెక్టివ్ నవల తీసుకుని, ఒంటినిండా దూదితో, చంకలో ఆ పుస్తకంతో బస్సు దిగుతుంటే ఖుర్షిదాకి ఆ మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చేది. అది ఆమే చెప్పేది, సిగ్గుపడకుండా.

కోతల నాటికి ఆమెకు చంటివాడు. పాలు తాగే పిల్లవాడు. మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతే చేతులకు కారం పడుతుంది. ఎంత సబ్బు రుద్దినా, ఎంత నూనె రాసినా ఆ మంట పోదు. ఆ చేతులతో బిడ్డను ఎత్తుకుంటే ఏమవుతుందో మొదటిరోజే తెలిసింది. వాడు ఏడ్చిన ఏడుపుకి వీధంతా లేచింది, వాడితోపాటు ఖుర్షిదా కూడా కూర్చుని ఏడ్చింది. పోనీ పని మానేద్దామా అంటే ఇల్లు గడవదు.

అప్పుడు కూలీల ముఠాకి పెద్ద అయిన గురవమ్మ ఒక ఉపాయం చేసింది. గురవమ్మది ఊరంతా వినపడే గొంతు, ఎవరికీ వెరవని నోరు. ఆసామి అంకమ్మరావు దగ్గరికి పోయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"అయ్యగారూ, ఈ పిల్ల కాయలు ముట్టదు. కూర్చుని మాకు పుస్తకం చదువుద్ది. దాని వంతు కాయలు మేం తలా కాసిని తీస్తాం. కూలి మాత్రం దానికీ ఇవ్వాల."

"చదివితే నా కాయల తొడిమలు ఊడతయ్యా?" అన్నాడు అంకమ్మరావు.

"మేం కబుర్లు మానేస్తాంగా. అది చాలదా?"

ఆ ముక్క ఆయనకు నచ్చింది. ఆడవాళ్ల కబుర్లతో తన పంట ఎంతో నష్టపోతోందని ఆయనకు గట్టి నమ్మకం. ఒప్పుకున్నాడుగానీ షరతు పెట్టాడు. ఏ రోజు పని కుంటుపడితే ఆ రోజుతో చదువు బంద్, ఖుర్షిదా వచ్చి కాయల్లో కూర్చోవాల్సిందే.

అలా మొదలైంది. వేపచెట్టు నీడలో చీరె ఉయ్యాల, ఉయ్యాల పక్కన ఖుర్షిదా, ఎదురుగా ఎర్రటి రాశి చుట్టూ ఆడవాళ్లు. నవల మొదటి భాగం అద్భుతంగా సాగింది. జమీందారు తాళం వేసిన గదిలో చచ్చిపడి ఉన్నాడు. బంగళాలో ఉన్నది రెండో పెళ్లాం, మేనల్లుడు, డాక్టరు, వంటమనిషి. గది తాళంచెవి మాయమైంది. అది ఎవరి దగ్గరుంటే వాడే హంతకుడు. సరిగ్గా అక్కడ, 'మిగతా కథ రెండవ భాగంలో' అని అచ్చువేసి చేతులు దులుపుకున్నారు. ఆ రెండో భాగాన్ని ఎవరో అద్దెకు పట్టుకుపోయి తిరిగి ఇవ్వలేదని నాగూర్ వలి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

మర్నాడు కల్లంలో అందరూ ఆమె నోటి వైపు చూస్తున్నారు. ఉయ్యాల్లో చంటివాడు కాళ్లు ఆడిస్తున్నాడు. పుస్తకం లేదని చెప్తే చదువు లేదు. చదువు లేకపోతే కాయలు. కాయలైతే వాడికి మంట.

"రెండో భాగం మా పుట్టింట్లో చదివాను. మొత్తం గుర్తుంది, చెప్తా," అంది ఖుర్షిదా. చెవులు నిప్పుకణికలయ్యాయి. ఎండ దెబ్బేమో అనుకుని ముఠాలోని ప్రేమమ్మ మంచినీళ్లిచ్చింది.

ఆ రోజు ఆమె చెప్పిన కథ చెప్పకపోయినా బాగుండేది. పుస్తకాల్లో ఎలా మొదలవుతుందో అలానే మొదలుపెట్టింది పాపం. డిటెక్టివు గదిలో కూర్చున్నాడు. సిగరెట్టు ముట్టించాడు. ఆలోచించాడు. బంగళాకి ఎన్ని కిటికీలున్నాయో, కర్టెన్లు ఏ రంగువో చెప్పింది. మళ్లీ ఆలోచించాడు. గురవమ్మ కోడలి సంగతులు ఎత్తుకుంది. ఇద్దరు కునికారు. చేతులు నీరసంగా కదిలాయి.

"ఆ సిగరెట్టు ఎప్పటికి ఆరుద్దే తల్లీ?" అంది ప్రేమమ్మ. ఆమె చర్చిలో పాటలు అందుకునే మనిషి, ఏదైనా సాగదీస్తే ఊరుకోదు.

అంకమ్మరావు దూరం నుంచి రాశి వైపు చూశాడు, ఖుర్షిదా వైపు చూశాడు. ఆ చూపే ఆమెకు దడ పుట్టించింది.

ఇంటికొచ్చి రొట్టెలు కాలుస్తూ అదే ఆలోచన. ఒక రొట్టె మాడింది, ఇంకోటి మాడింది. పొద్దున కల్లంలో అడుగుపెట్టినప్పుడు తన గుండె ఎలా కొట్టుకుందో గుర్తొచ్చింది. అబ్బ, అది కదా అసలు కథ! తనకు ఒకటి కావాలి. అది దక్కనివ్వని మనిషి ఎదురుగా ఉన్నాడు. దొరికిపోతే బిడ్డకు కష్టం. అక్కణ్ణుంచి లేచేసరికి తన పరిస్థితి వెళ్లినప్పటిలా లేదు. డిటెక్టివుకేం కావాలి? సిగరెట్టు కావాలి. ఎవరు అడ్డం? ఎవరూ లేరు. మరి ఎవరు వింటారు! ఆమెకు ఎంత సంబరం వేసిందంటే, మూడో రొట్టె మాడుతున్నా పట్టించుకోకుండా మొగుణ్ణి లేపి కూర్చోబెట్టింది.

"ఏమయ్యా, నువ్వు జమీందారు రెండో పెళ్లానివి. ఆ బీరువాలో నీ ఉత్తరం ఉంది. నేను వంటమనిషిని, బీరువా ముందు కూర్చుని కూరలు తరుగుతున్నా. నన్నిక్కణ్ణుంచి లేపు."

"లే," అన్నాడు నాగూర్ వలి ఆవలిస్తూ.

"అట్లా కాదు! నీకది కావాలని నాకు తెలియకూడదు."

పాపం నాగూర్ వలి దూదితో నిండిన తల గోక్కుని, ఉప్పు లేదన్నాడు, పిల్లి వచ్చిందన్నాడు, చివరికి బయట గొడ్డు తాడు తెంపుకుందని అరిచాడు. ఖుర్షిదా నిజంగానే లేచి పరిగెత్తింది. గుమ్మం దాటాక ఇంట్లో గొడ్డే లేదని గుర్తొచ్చి, ఇద్దరూ నేల మీద పడి నవ్వారు.

మర్నాడు ఆ గొడ్డు కల్లంలో తాడు తెంపుకుంది. ఆడవాళ్లు నోళ్లు తెరిచారు. గురవమ్మ కోడలి ఊసే లేదు. కానీ ఇంకో ఆపద వచ్చిపడింది. రెండో పెళ్లాం బీరువా తెరవగానే చేతులన్నీ ఆగిపోయాయి. ఒక్క తొడిమ ఊడలేదు.

"ఏందే, అందరూ బొమ్మల్లా కూర్చున్నారు! చేతులు పడిపోయినయ్యా?" అని అంకమ్మరావు కేకేశాడు.

ఇదేం న్యాయమో చూడండి. కథ బాగోకపోతే పని సాగదు, కథ బాగున్నా పని సాగదు. ఖుర్షిదాకి ఏడుపు రావలసిందే, కానీ రాలేదు. ఆమె కళ్లు అప్పటికే ఆడవాళ్ల చేతుల మీదున్నాయి. బీరువా తెరవకముందు, ఆ రెండో పెళ్లాం పిల్లిలా నడిచివస్తున్నంతసేపూ, వాళ్ల వేళ్లు పరుగులు తీశాయి. మిషన్లు కూడా అంత వేగంగా ఆడవు. జరగబోతుందన్న భయం చేతుల్ని పరిగెత్తిస్తుంది. జరిగిపోయిందంటే చేతులు ఆగుతాయి. అయితే ఏం చేయాలి? జరగబోవడమంతా పని వేళకి, జరగడం పని ఆపి మజ్జిగ తాగే వేళకి! ఆమె కూర్చున్నచోటే చప్పట్లు కొట్టింది. చంటివాడు ఉలిక్కిపడి నవ్వాడు.

ఇక చూడాలి ఆ కల్లం సంగతి. పొద్దున అడుగుల చప్పుడు మొదలయ్యేది. మెట్ల మీద ఎవరో వస్తున్నారు, ఆగుతున్నారు, మళ్లీ వస్తున్నారు. రాశి కరిగిపోయేది. కుర్రది మజ్జిగ కుండ ఎత్తుకుని వస్తుండగా తలుపు కిర్రుమనేది. మజ్జిగ తాగుతూ అందరూ ఒకేసారి అరిచేవారు. డాక్టరేనని ప్రేమమ్మ, రెండో పెళ్లామేనని గురవమ్మ, ఇద్దరి మధ్యా మాటలు కూడా లేవు. అంకమ్మరావు బస్తాలు లెక్కపెట్టే నెపంతో రోజురోజుకీ దగ్గరికి జరిగి, చివరికి వేపచెట్టు అవతల చెవి ఇటు పడేసి నిలబడేవాడు. ఖుర్షిదా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. మిగతా దేశమంతా ఏమైపోతోందో ఆమెకు తెలియదు, అక్కర్లేదు. ఇంట్లో రొట్టెలు మాడుతూనే ఉన్నాయి, మొగుడు రకరకాల చావులు చస్తూనే ఉన్నాడు.

చివరి రాశి మిగిలింది. మధ్యాహ్నానికి గుంటూరు నుంచి లారీ వస్తుంది. ఆ పొద్దున ఖుర్షిదా తన దగ్గరున్న వాటిలోకెల్లా గొప్ప సీను తీసింది. చీకటి కొట్టు. వంటమనిషి కారం కొట్టడానికి మిరపకాయల కోసం వచ్చింది. ఎవరో వస్తున్న చప్పుడై జాడీల వెనక నక్కింది. వచ్చినవాడి మొహం కనపడదు. కొట్టు మూల మిరపకాయల బస్తా ఉంది. వాడికి వంటమనిషి కంటే ముందే ఆ బస్తాలో దాచిన వస్తువొకటి తీసుకోవాలి. జాడీ కదిలిందా, వంటమనిషి పని సరి. వేళ్లు పరిగెత్తాయి, పరిగెత్తాయి, మజ్జిగ కుండ దిగింది. ఒక చెయ్యి మోచేతి దాకా మిరపకాయల్లోకి దిగింది, తాళంచెవితో పైకి వచ్చింది.

"ఎవరిదే ఆ చెయ్యి?" అని కల్లమంతా లేచి నిలబడింది.

అప్పుడే, ఆ రోజు మిల్లుకు సెలవేమో, నాగూర్ వలి రోడ్డు మీంచి చెయ్యెత్తి ఊపుతూ పరిగెత్తుకొచ్చాడు. ఆయాసపడుతూ, మొహం వెలిగిపోతూ, "దొరికింది! రెండో భాగం దొరికింది!" అన్నాడు. ఇంట్లో ఆ చావులన్నీ చచ్చినవాడు తనే అయినా, రెండో భాగం చదివేశానని ఆమె కల్లంలో చెప్పిన సంగతి పాపం అతనికి తెలియదు. భార్య పుస్తకం అందుకునేలోపు అంకమ్మరావు లాగేసుకున్నాడు. ఆయనకు చదవడం వచ్చు. ఆగడం రాదు.

"'డిటెక్టివు తన గదిలో కూర్చుని సిగరెట్టు ముట్టించాడు,'" అని చదివాడు.

"మళ్లీనా!" అంది ప్రేమమ్మ.

"ఆ చెయ్యి ఎవరిదో చూడండయ్యా," అని గురవమ్మ తొందరపెట్టింది.

ఆయన పేజీలు తిప్పాడు. ఇంకా తిప్పాడు. చివరికి పోయాడు. "జమీందారు కవల తమ్ముడంట. రంగూన్ నుంచి వచ్చాడంట."

"వాడెవడు?"

"చివరి పేజీలో దిగాడు."

"మిరపకాయల బస్తా ఏదీ?"

"ఈ పుస్తకంలో మిరపకాయే లేదు," అన్నాడు అంకమ్మరావు. తలెత్తి ఖుర్షిదా వైపు చూశాడు. అందరూ చూశారు. నాగూర్ వలి ఒక్కడే ఇంకా నవ్వుతున్నాడు.

ఖుర్షిదా చెవులు మండుతున్నాయి. చంటివాణ్ణి ఉయ్యాల్లోంచి తీసి గుండెకు హత్తుకుంది. "నేను రెండో భాగం ఎప్పుడూ చదవలేదు," అంది. "అంతా నేనే అల్లి చెప్పాను. అబద్ధమాడాను. కాయల్లో కూర్చుంటే వీడికి మంటని..."

గురవమ్మ అడుగు ముందుకు వేసింది.

"అయితే ఆ చెయ్యి ఎవరిదో ఈ లోకంలో నీకొక్కదానికే తెలుసా?"

"నాకొక్కదానికే."

"మరి చెప్పవే, ఏడుస్తా నిలబడ్డావేంది! మా ప్రాణాలు తియ్యడానికా?"

అందరూ ఒక్కసారే అరవడం మొదలుపెట్టారు. పని పూర్తిగా ఆగిపోయింది. షరతు ప్రకారం ఖుర్షిదా కాయల్లో కూర్చోవాలి. అంకమ్మరావు అది మర్చిపోయే మనిషి కాదు. రాశి చూశాడు, దూరంగా దుమ్ము లేపుకుంటూ వస్తున్న లారీ చూశాడు, తల్లి భుజం మీద బుగ్గ ఆనించిన చంటివాణ్ణి చూశాడు. పుస్తకం నాగూర్ వలి చేతిలో పెట్టాడు.

"ఇది తిరిగిచ్చెయ్," అన్నాడు. పంచె ఎగగట్టి, గురవమ్మ పక్కన రాశి ముందు చతికిలపడ్డాడు. "దీని వంతు కాయలు ఇయ్యాళ నేను తీస్తా. కానీయవే అమ్మాయ్."

ఖుర్షిదా కళ్లు తుడుచుకుని మొదలుపెట్టింది. జమీందారు పాడె లేచింది. అందరూ ఏడుస్తున్నారు. రెండో పెళ్లాం ఏడ్చింది, ఆపింది. డాక్టరు ఏడ్చాడు, ఆపాడు. మేనల్లుడు మాత్రం ఆపడం లేదు. తుడుచుకున్నకొద్దీ కన్నీళ్లు. కళ్లు చింతనిప్పులయ్యాయి. ఎంత ప్రేమరా మామంటే అని ఊరంతా అనుకుంటోంది. డిటెక్టివు ఆ తుడుచుకునే చేతిని...

"కారం!" అని ప్రేమమ్మ గావుకేక పెట్టింది. "చెయ్యి మండుతోంది వాడికి! కళ్లు రుద్దుకున్నాడు వాజమ్మ!"

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు, ఒకరి భుజాలు ఒకరు కుదిపారు. ఆ ఉత్సాహంలో అంకమ్మరావు నుదుటి చెమట తుడుచుకున్నాడు, చెయ్యి కళ్ల దాకా పోయింది. జీవితమంతా మిరప పండించాడుగానీ కూర్చుని తొడిమ తీసిన మనిషి కాదు. "అమ్మోయ్!" అని లేచాడు. కన్నీళ్లు ధారలుగా కారుతున్నాయి.

"అయ్యగారూ, జమీందారుని చంపింది తమరేనా!" అంది గురవమ్మ, కడుపు పట్టుకుని నవ్వుతూ.

కారం అంటని ఆడచేతులు కల్లంలో ఖుర్షిదావే. బిడ్డను మొగుడికి అందించి, కడవలోంచి చెంబుతో నీళ్లు ముంచి ఆయన దోసిట్లో పోసింది. లారీవాడు వచ్చి హారన్ కొడుతున్నాడు. ఆయన మొహం మీద నీళ్లు చల్లుకుంటూ, కళ్లు మూసుకునే, లారీవాణ్ణి నోరు మూసుకోమని కసిరాడు.

"ఆ మేనల్లుడు పారిపోయాడా, దొరికాడా?" అని అడిగాడు. "ముందది చెప్పు తల్లీ."