ఫూంగ్ అంకుల్ వంద షేర్లు

మలేసియాలోని ఇపో పట్టణం చుట్టూ సున్నపురాతి కొండలు యుగాలుగా చలించక నిలిచి ఉండగా, వాటి పాదాల చెంత తగరపు గనులు తెరుచుకుని మూతపడి, ఆ గనుల సిరితో లేచిన మేడలు వన్నె తరిగి, ఆ మేడల నీడన కాఫీ తాగిన మూడు తరాలు గతించగా, రైల్వేలో వేళల పట్టికలు రాసి విరమించిన ఫూంగ్ కాక్ వెంగ్ గారు మాత్రం, డెబ్బయ్యారవ ఏట కూడా, ఏ కంపెనీ వార్షిక నివేదిక చేజిక్కినా లాభాలనూ రంగుల బొమ్మలనూ దాటి, లోపలెక్కడో దాగిన ఒకే ఒక్క పంక్తిని పట్టుకునేవారు: ఏడాదిలోపు తీర్చవలసిన అప్పు.

ఐదేళ్ల అంకెలు వరసగా రాసేవారు. వరస దిగుతుంటే చిరునవ్వు. ఎక్కుతుంటే ఎదుట కాఫీ చల్లారిపోయేది.

ఆ చూపు కంపెనీలతో ఆగలేదు. శుభలేఖ ఇవ్వవచ్చిన పెళ్లికొడుకును "ఏడాదిలోపు తీర్చాల్సింది ఎంత నాయనా?" అని అడిగితే, అతడు లేఖను బల్లమీద విడిచి పరుగందుకున్నాడు. గుండె పరీక్షకు వెళ్లి వచ్చి, "నా బీపీ బాగానే ఉంది. ఆసుపత్రి వరసే ఎక్కుతోంది" అన్నారు.

కాఫీ దుకాణం నడిపే యోక్ లాన్ కొలమానం వేరు. వాటాదారుల సభకు వచ్చినవారికి కంపెనీలు కానుకల సంచి ఇస్తాయి కదా, షేర్లున్న అక్క తరఫున తాను వెళ్లి, ఆ సంచిని చూపుడువేలితో ఎత్తి కంపెనీ బలం తేల్చేది.

"సెరి కెలాపా బిస్కెట్లవాళ్లు నిరుడు నాలుగు కిలోలిచ్చారు అంకుల్! డబ్బా, గొడుగు, కోడి అన్నం! పైకప్పు కోసం దాచిన నలభై వేల రింగిట్లు అందులోనే పెడుతున్నా. ఈసారి సభ అవగానే బ్రోకరుకు ఫోన్ కొడతా."

పైకప్పునుంచి ఒక చినుకు ఆయన కప్పులో పడింది.

"సంచి తూచావు. నివేదికలో అప్పుల పుట చూశావా?"

"పుట తింటామా?"

"అప్పు చేసి పప్పుకూడు పెడుతున్నారమ్మా! ఒకటి, రెండు, మూడున్నర, ఆరు, పది కోట్లు. చేతిలో కోటి. పదేళ్లకు కాసే ఫ్యాక్టరీని ఏడాది అప్పుతో కడుతున్నారు."

"బ్యాంకువాళ్లు మళ్లీ ఇస్తారుగా!"

"ఇవ్వకపోతే?"

"మీ నోట మంచిమాటే రాదా!"

రెండు నెలలకు సభ జరిగింది. ముందు వరుసలో తెల్లచొక్కాతో లేచినది మరెవరో కాదు, ఫూంగ్ గారే. యోక్ లాన్ తల పట్టుకుంది.

"అధ్యక్షా, ఈ పది కోట్లు ఎలా తీరుస్తారు?"

"ఏటా బ్యాంకు తిరిగి ఇస్తూనే ఉంది."

"ఇవ్వకపోతే?"

అధ్యక్షుడు మంచినీళ్లు తాగాడు.

"కూర్చోవయ్యా, అన్నం చల్లారిపోతోంది!" అని వెనుకనుంచి కేక.

"అన్నం వేడిచేసుకోవచ్చు. గడువును వేడిచేయగలవా?"

ఒకే శ్లోకానికి ఏడు వ్యాఖ్యానాలు చెప్పే పండితునివలె ఆయన ఒకే ప్రశ్నను ఏడు విధాల అడిగారు. ఏడు గ్లాసులు ఖాళీ అయ్యాయి. ఎనిమిదవసారి నీళ్లు లేవు.

"ఇవ్వకపోతే... కష్టమే" అన్నాడు అధ్యక్షుడు.

యోక్ లాన్ బ్రోకరు కోసం తీసిన ఫోనును మెల్లగా సంచిలో వేసుకుంది.

కానుకల బల్లవద్ద గుమాస్తా చీటీ చదివాడు: "ఫూంగ్ కాక్ వెంగ్, వంద షేర్లు."

"ఇంత తిట్టిన కంపెనీలో మీకు షేర్లా!" అంది యోక్ లాన్.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "షేరు లేనిదే ప్రశ్న అడగనివ్వరమ్మా. నువ్వు పైకప్పు డబ్బు మాట ఎత్తిన రోజే కొన్నా. నేను చెబితే వింటావా? వాళ్ల నోటితోనే చెప్పించాలి."

ఆయన జేబులోని పుస్తకాన్ని ఆమె లాక్కుని చూసింది. సేమ్యాలమ్మే ముసలాయన మోజుపడిన సిమెంటు కంపెనీ, వంద. మంగలి నమ్మిన రబ్బరు చేతితొడుగుల కంపెనీ, వంద. ఇలా పదిహేడు, అన్నీ వరస ఎక్కేవే.

"ఊళ్లోని కుంటి కంపెనీలన్నిటినీ మీరే పోషిస్తున్నారా అంకుల్!"

"వంద చొప్పునేగా."

"మరి నష్టం?"

"బిస్కెట్లు వస్తాయిగా!"

వానలకు ముందే యోక్ లాన్ దుకాణానికి కొత్త పైకప్పు వేయించింది. మరుసటి ఏడు సెరి కెలాపా సంచిలో ఉన్నది ఒక్క నీళ్ల సీసా; అధ్యక్షుడు తాగగా మిగిలింది ఇచ్చారని ఊరంతా నవ్వుకుంది. యోక్ లాన్ నాటినుంచి ప్రతి ఉదయం అడగకుండానే ఆయన ముందు కప్పు పెట్టి, "నా బాకీ అంకుల్. రోజుకొకటి" అంటుంది.

"వరస ఎక్కనీయకు సుమా!" అంటారాయన, వేడివేడిగా తాగుతూ.

రుణశేషం ఉంచరాదన్నారు పెద్దలు. ఈ ఒక్క కాఫీ రుణం మాత్రం ఏనాటికీ తీరకుండుగాక! ఫూంగ్ గారికి నిండు నూరేళ్ల ఆయువూ, వారి ఇంటికి తరగని సిరీ, ఆ ఇంటి పైకప్పుకు చినుకు జారని చలువా కలుగుగాక!