నెమలి బోర్డు ముందు రూతమ్మ గారు

మా వంటగదిలో పాత ట్యూబ్‌లైటు ఒకటుంది. వెలిగే ముందు కాసేపు జుమ్మని మోగుతుంది. ఇంట్లో అన్నీ మార్చారు గానీ దాన్ని మాత్రం నేను తీయనివ్వలేదు. ఆ మోత చెవిన పడితే చాలు, అనకాపల్లి మెయిన్‌రోడ్డులో బట్టల కొట్టు మేడ మీద అలాగే మోగుతూ వెలిగే నియాన్ లైట్ల నెమలి బోర్డు కళ్ల ముందుకొస్తుంది. దాని ఎదురుగా, మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా పెట్టి, కళ్లజోడు నెత్తి మీదికి తోసుకుని నిలబడ్డ రూతమ్మ గారు కనిపిస్తారు. చదువు నాకు సంతకం దాకానే వచ్చింది. అందుకని నోటితో చెబుతున్నాను, రాసేవాళ్లు రాస్తున్నారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆయన కామెర్లొచ్చి పోయాడు. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేవాడు. పసిపిల్లను చంకనేసుకుని పని కోసం తిరుగుతుంటే, ఊడ్చి తుడిచే పనికి రూతమ్మ గారు నన్ను తన ఫొటో స్టూడియోలో పెట్టుకున్నారు. అప్పట్లో ఆ నెమలి బోర్డంటే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ గొప్ప. ముందు పచ్చగా ఒళ్లు వెలిగేది, తర్వాత నీలంగా మెడ, ఆఖరున పింఛమంతా ఒక్కసారి విచ్చుకునేది. మళ్లీ చీకటి, మళ్లీ మొదలు. రోలుగుంట నుంచీ గొలుగొండ నుంచీ కొత్తగా పెళ్లయిన జంటలు సినిమాకొచ్చి, హాల్లోకి వెళ్లే ముందు నెమలి కింద ఫొటో దిగేవారు. ఆ ఫొటో గోడకెక్కితే గానీ కాపురం మొదలైనట్టు కాదు.

కానీ ఆ నెమలిని ఫొటోలో పట్టడం మాటలు కాదు. రోడ్డుకడ్డంగా కరెంటు తీగలు. ఎక్కడ నిలబడి తీసినా ఒక తీగ సరిగ్గా నెమలి మెడ మీద పడేది. ఒకావిడ ఫొటో చేతిలోకి తీసుకుని, “ఇదేటమ్మా, నెమలి పీక తెగిపోనాది! గోడకెడితే ఇంటికి అరిష్టం కాదేటి?” అని విసిరేసింది. ఆ తర్వాత రూతమ్మ గారు నన్ను వెంటబెట్టుకుని సాయంత్రాలు రోడ్డంతా తిరిగారు. సోడా కొట్టు దగ్గర చూశాం, లాడ్జి మెట్లెక్కి చూశాం. ఎక్కడా కుదరలేదు. తిరిగి తిరిగి కాళ్లు లాగి నేను మందుల కొట్టు ముందు చతికిలబడ్డాను. తలెత్తితే నెమలి నిండుగా కనిపించింది.

“అమ్మగారూ, ఇక్కడ కూకుంటే తీగ పైకెల్లిపోతంది!”

ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టి నా పక్కనే కూలబడ్డారు. చూసి, ఫక్కున నవ్వారు. “ఇన్నాళ్లూ నిటారుగా నిలబడి సచ్చేను గదే! నెమలి ముందు కుంచెం వొంగాలన్నమాట.”

చోటు దొరికినా వెలుతురు దొరకాలి. బాగా చీకటి పడితే మనుషులు మసిబొగ్గులు. పొద్దుండగా తీస్తే నెమలి వెలవెల. ఆకాశంలో కాస్త నీలం మిగిలి ఉండగానే తీయాలి. అది ఎసట్లో బియ్యం ఉడికినంత సేపు కూడా ఉండదు. అందుకని జంట రాకముందే ఒక మనిషిని ఆ చోట నిలబెట్టి కెమెరా సరిచూసుకోవాలి. ఆ మనిషిగా నన్ను నిలబెట్టారు.

“నేను నిలబడకూడదమ్మగారూ,” అన్నాను.

“ఏం, కాళ్లు నొప్పులా?”

“మొగుడు పోయినదాన్ని.”

“నేను తీసేది నీ మొగుణ్ణి కాదు. నిలబడు.”

అలా నిలబడేదాన్ని. జంట వచ్చే అలికిడి వినగానే పక్కకి జారుకునేదాన్ని. రూతమ్మ గారి భర్త కూడా పోయారు, మా ఆయనకంటే ముందే. ఊళ్లోవాళ్లకు తెలుసు గానీ పల్లెల వాళ్లకు తెలియదు. బొట్టు లేకపోతే, చర్చివాళ్లు కదా అనుకునేవారు. పెళ్లి బేరాల మీద బతికే మనిషి కాబట్టి, ఆవిడా అసలు సంగతి చెప్పేవారు కాదు.

ఒకనాడు గొలుగొండ వైపు నుంచి వచ్చిన పెళ్లివారు అనుకున్న వేళకంటే ముందే ఆటో దిగారు. నేనింకా ఆ చోటే ఉన్నాను. పెళ్లికొడుకు తల్లి నా మెడ చూసింది, నుదురు చూసింది.

“ఓలమ్మో! ముండమోపి నిలబడ్డ సోట నా కోడల్ని నిలబెడతావేటి? దాన్ని పొమ్మను. పసుపునీళ్లు సల్లితే గానీ నా పిల్లలు అడుగెట్టరు!”

తప్పుకోబోయాను.

“నూకాలూ, కదలకు,” అన్నారు రూతమ్మ గారు. కెమెరా వదిలి నిలబడ్డారు. “సూడమ్మా, పసుపునీళ్లు సల్లాలంటే ముందు నా కంట్లో సల్లు. నా పెనిమిటీ పోయేడు. ఇందాకట్నుంచీ నీ కోడల్ని సూత్తన్నది ఈ కన్నే.”

“సంపేసేవే తల్లీ! తెలిత్తే నీ గడప తొక్కుదునా?” అంటూ ఆవిడ కొడుకునీ కోడల్నీ ఆటోలోకి తోసింది. పైన పింఛం విచ్చుకుంది. కింద నేనొక్కదాన్నే.

స్టూడియోకి వచ్చి ఏడ్చాను. “నన్ను మానిపించేయండమ్మగారూ. నా మూలాన మీ బేరాలు పోతాయి.”

“పోతే పోతాయి. రేపు పెందలాడే రా. నువ్వు రాకపోతే ఆవిడ గెలిసినట్టే.”

బేరాలు నిజంగానే పోయాయి. ఆ పెళ్లిళ్ల రోజుల్లో ఆవిడ పాస్‌పోర్టు ఫొటోలు తీసి నెట్టుకొచ్చారు. ఒక్కరోజు కూడా నన్ను దెప్పలేదు. జంట ఒక్కటొచ్చినా నన్నే నిలబెట్టేవారు, ఇక జారుకోనిచ్చేవారు కాదు. ఒక సాయంత్రం రోలుగుంట నుంచి ఒక ముసలి రైతు మనవణ్ణీ, అతని కొత్త పెళ్లాన్నీ తీసుకొచ్చాడు. రూతమ్మ గారు ముందే చెప్పేశారు: “తాతా, మేవిద్దరం మొగుళ్లు లేనోళ్లం. తరవాత అనుకోవద్దు.”

ఆయన చుట్ట తీసి నవ్వాడు. “మావూళ్లో సెరుకు నరికేవోళ్లలో మొగుళ్లు లేనోళ్లు లేరేటి? బెల్లం సేదుగుందేటమ్మా?” తర్వాత నా వైపు తిరిగి, “ఎక్కడ నిలబడాలో పిల్లలకి సెప్పమ్మా,” అన్నాడు. నేను ఆ అమ్మాయి భుజం పట్టుకుని, నేను నిలబడ్డ చోటే నిలబెట్టాను. ఆ పిల్ల నవ్వుతూనే ఉంది.

తర్వాత బట్టల కొట్టు చేతులు మారింది, నెమలిని దించేశారు. స్టూడియో మూతబడింది. రూతమ్మ గారు కూడా వెళ్లిపోయారు. సమాధి దగ్గర మట్టి వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

మా అమ్మాయి పెళ్లినాడు మా ఆడపడుచు నా చెవిలో మెల్లగా అంది, “వదినా, తాళి కట్టీదాకా నువ్వు ఎనక గదిలో కూకో.” నేను తిన్నగా ఫొటోలు తీసే అబ్బాయి దగ్గరకి వెళ్లి, “లైటు ఎక్కడ పడతంది బాబూ?” అని అడిగాను. చూపించాడు. అక్కడికెళ్లి నిలబడ్డాను, నా పిల్ల భుజం వెనక. బాజాలు మోగాయి. అక్షింతలు నా నెత్తి మీద కూడా పడ్డాయి.