పిప్పి నాకు, సారం వాడికి

మా అత్తయ్య లెక్కలో లోకంలో ఉన్నవి రెండే. మరిగిస్తే నీళ్ళలోకి దిగేది సారం, గుడ్డలో మిగిలేది పిప్పి. ఇది ఆవిడ ఎక్కడో విన్న మాట కాదు. బట్టలకు రంగులు వేసే కార్ఖానాలో పెళ్ళికి ముందే చేరి, మోకాళ్ళు మొరాయించేదాకా అక్కడే పనిచేసింది. చెట్ల బెరడు, వేళ్ళు, ఎండిన కాయలు పెద్ద గంగాళాల్లో మరిగించి, వడగట్టి, ఆ నీళ్ళలో నూలు ముంచేవాళ్ళు. బెరడులో ఇంకా రంగు మిగిలి ఉందో లేదో మా అత్తయ్య వాసన చూసి చెప్పేదట. అలాంటి మనిషి, కొడుకు కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కితే ఊరుకుంటుందా? కొడుక్కి సారం పట్టడం మొదలుపెట్టింది.

మా ఆయనది ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసే పని. మంచాలు, బీరువాలు, ఫ్రిజ్‌లు ఒకరి మెట్లు దించి ఇంకొకరి మెట్లు ఎక్కించాలి. ఒకరోజు తడి మెట్టు మీద కాలు జారింది. మోస్తున్న బీరువా వచ్చి మోకాలి కింద పడింది. ఎముకైతే బుద్ధిగా అతుక్కుంది గానీ, దాని మీద పుండు మాత్రం మూసుకోనని భీష్మించుకు కూర్చుంది.

మేముండేది మూడో అంతస్తులో. ఆసుపత్రికి వెళ్ళాల్సినప్పుడల్లా తోటి పనివాళ్ళు వచ్చి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చెరో పక్కా పట్టుకుని దించేవాళ్ళు. "మెల్లగారా, మూల తగులుతుంది. బీరువాకి గీత పడిందంటే మన కూలి పోతుంది" అని మేలమాడేవాళ్ళు. అలా ఆయన పేరు బీరువా అయిపోయింది. వాళ్ళ ముందు ఆయన కూడా పగలబడి నవ్వేవాడు. తిరిగొచ్చి తలుపు వేసుకున్నాక మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవాడు. జీవితమంతా ఒకరి సామాన్లు మోసిన మనిషికి తనే సామానైపోవడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. అడిగే ధైర్యం కూడా లేదు.

ఒకసారి డాక్టరు కట్టు విప్పించి చూసి పెదవి విరిచాడు. "ఇంకో మూడు నెలలు చూస్తాను. అప్పటికీ ఇది పూడే దారి పట్టకపోతే తొడ మీది చర్మం తీసి ఇక్కడ అతకాల్సి వస్తుంది. మళ్ళీ కొన్నాళ్ళు మంచమే. బలమైన తిండి పెట్టండి" అన్నాడు. బలమైన తిండి అంటే ఏమిటో చెప్పే తీరిక ఆయనకి లేదు, అడగాలన్న తెలివి మాకు లేదు. బయటికొచ్చాక మా ఆయన, "ఇంకోసారి కోశారంటే నేనిక లేవను" అన్నాడు. ఉత్తినే అన్నమాట కాదని ఆయన మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

ఆసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపులో ప్రొటీన్ పొడి డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కో డబ్బా మీద చొక్కా లేకుండా ఒక కండల వీరుడు. అత్తయ్య ధర అడిగి, ఆ బొమ్మని కిందా మీదా చూసి, "ఈ డబ్బా కొనే పిల్లాడికి చొక్కాకి డబ్బులు మిగల్లేదు పాపం" అంది. షాపతను కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ప్యాంట్ల అంచులు మడిచి కుట్టే కొట్లో నాకొచ్చే జీతం ఒక్కటే అప్పుడు ఇంటికి ఆధారం. ఆ డబ్బా కొంటే ఆ నెల మేం ముగ్గురం ఆ వీరుడి బొమ్మ చూస్తూ కూర్చోవాలి.

"డబ్బా ఎందుకే? చేతులు లేవా నాకు?" అని అత్తయ్య రంగంలోకి దిగింది.

బజారులో ఏవి చవగ్గా దొరికితే ఆ గింజలు తెచ్చేది. శనగలు, అలసందలు, ఎండు చిక్కుడు గింజలు. అప్పుడప్పుడు మాంసం కొట్టు వాణ్ణి బతిమాలి బొమికలు. నానబెట్టి, సన్నటి సెగ మీద మరిగించి, కార్ఖానా నుంచి తెచ్చుకున్న తెల్లటి వడపోత గుడ్డలో పోసి పిండేది. ఆ పిండటం చూసి తీరాలి. మోకాళ్ళు పోయినా మణికట్లలో పనితనం పోలేదు. ఆఖరి చుక్క రాలేదాకా వదిలేది కాదు. ఆ ఎర్రటి నీళ్ళలో ఉప్పూ మిరియాల పొడీ వేసి, గ్లాసు పట్టుకుని మంచం పక్కన కూర్చునేది. "తాగు నాన్నా. బలమంతా ఇందులోనే ఉంది."

గుడ్డలో మిగిలిన గింజలు ఏం చేసేదంటారా? పారెయ్యడానికి మనసొప్పక తనే తినేది. ఒక ఉల్లిపాయ కొరుక్కుంటూ, ఓ మూల కూర్చుని, చప్పటి గింజలు నమిలేది. నేను జాలిపడి, "నాకూ పెట్టండి అత్తయ్యా" అంటే కసిరేది. "కష్టపడే దానివి, నువ్వు కూర వేసుకో. పిప్పి నాకు, సారం వాడికి." గుడ్లు మాత్రం ఇంట్లోకి రానిచ్చేది కాదు. పుండు చీము పడుతుందట. ఆ గ్లాసులోంచి వచ్చే వాసన ఎంత కమ్మగా ఉండేదంటే, బలమంతా అందులోనే ఉందని నేనూ నమ్మాను.

మా ఆయన చిక్కిపోయాడు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడేది. పుండు ఉన్నచోటే ఉంది. అత్తయ్య ఇంకా ఎక్కువసేపు మరిగించింది, ఇంకా గట్టిగా పిండింది.

ఇంతలో ఇంట్లో ఇంకొకటి జరిగింది. మాకు మంచినీళ్ళు కింద పెరట్లోని కుళాయి నుంచి మోసుకు రావాలి. అంతకుముందు అత్తయ్య నీళ్ళ క్యాను తెస్తే మెట్ల మలుపు మలుపుకీ ఆగేది. ఒకచోట ఊపిరి తీసుకోవడానికి, ఇంకోచోట మోకాళ్ళు రుద్దుకోవడానికి, మరోచోట మోటారు పెట్టించని ఇంటి ఓనరుని తిట్టడానికి. ఆ మధ్య ఆగడం మానేసింది. ఎక్కుతూనే తిట్టేది. కొడుకు కోసం పంతం పట్టిన తల్లికి ఎక్కడ లేని ఓపికా వస్తుందేమో అనుకున్నాను.

ఆసుపత్రిలో కట్టు మార్చే నర్సమ్మ మంచిది, కాస్త నోరు ఎక్కువ. ఆ రోజు కట్టు విప్పుతూ, "ఏం తింటున్నాడమ్మా ఈయన? ఇంత నీరసంగా ఉన్నాడేం?" అని అడిగింది.

మా అత్తయ్య ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉత్సాహంగా మొదలుపెట్టింది. నానబెట్టడం దగ్గర్నుంచి పిండటం దాకా చేతులు తిప్పుతూ చెప్పింది. నర్సమ్మ దూది పట్టుకుని అంతా వింది.

"మరి గింజలు?"

"పిప్పి నేను తింటున్నానమ్మా. పారెయ్యడం ఎందుకని."

నర్సమ్మ మంచం మీదున్న కొడుకుని చూసింది. పక్కన నిటారుగా నిలబడ్డ తల్లిని చూసింది. "అయ్యో పెద్దమ్మా, ఆ నీళ్ళలోకి ఉప్పు దిగుతుంది, రుచి దిగుతుంది. ప్రొటీన్ చాలావరకు గింజలోనే ఉండిపోతుంది. పుండు పూడాలంటే అదే కావాలి. గోడ కట్టేవాడికి ఇటుకలిస్తారా, ఇటుకలు కడిగిన నీళ్ళిస్తారా?"

చెప్తూనే కట్టు కట్టింది. గింజలు మెత్తగా ఉడికించి అలాగే పెట్టమంది. వేరుశనగలు, పాలు, పెరుగు, ఏది అందుబాటులో ఉంటే అది రోజూ పూటపూటా కాస్త కాస్త పెట్టమంది. గుడ్డు తింటే చీము పడుతుందన్నది వట్టిమాటేనంది. డబ్బా సంగతి నేనడిగితే, "దాని ధరకి గుడ్లు తెచ్చుకుంటే అలమరా నిండుతుంది" అని తేల్చేసింది. నాకు అప్పుడు నీళ్ళ క్యాను గుర్తొచ్చింది. ఆవిడ ఆగకుండా మెట్లెక్కింది ఎందుకో అర్థమైంది. అత్తయ్య వైపు చూడటానికి భయం వేసింది.

ఇంటికి తిరిగొచ్చాం. కుర్చీ మోసుకుంటూ పనివాళ్ళు ముందు ఎక్కుతుంటే, వెనక ఆవిడ మలుపు మలుపుకీ ఆగింది. ఆయాసం వచ్చి కాదు. పైకొచ్చాక వడపోత గుడ్డ ఉతికి ఆరేసి, వంటగది గడప మీద కూలబడింది.

"నా కొడుకు కండ నేను తినేశానే అమ్మాయ్."

"మీరు పిప్పి అనుకునే కదా తిన్నారు అత్తయ్యా."

"అనుకుంటే? పూడంది వాడి పుండు."

ఆవిడతో నాకు పేచీలు బోలెడున్నాయి, ఎవరికుండవు? కానీ ఆ క్షణాన అవేవీ గుర్తురాలేదు. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను. ఆవిడ కాసేపు ఏడ్చి, ముక్కు చీది, లేచింది. "ఏడిస్తే పుండు పూడదు గానీ, బెరడుకి చేసేది బెరడుకి, గింజకి చేసేది గింజకి. ఆ శనగల డబ్బా అందుకో, నానబోద్దాం" అంది.

ఆ పూట మొదలైన పట్టు ఇంక సడల్లేదు. మర్నాడు కిరాణా కొట్టుకి వెళ్ళి, గుండు గింజల బస్తా దాటుకుని, విరిగిన గింజల బస్తా దగ్గర నిలబడింది. చవకరకం కొంటున్నామని నేను సిగ్గుపడితే, "విరిగిన బెరడుకి రంగు తక్కువ ఉంటుందా? గింజ విరిగితే మాత్రం లోపలిది ఎక్కడికి పోతుంది?" అని దబాయించింది. ఈసారి ఆవిడ కార్ఖానా లెక్క తప్పలేదు. గుడ్ల కొట్లో చిన్న గుడ్లు ఏరించింది, అవైతే ధర తక్కువ. పులిసిపోయిందని ఎవరూ కొనని పెరుగు సగం ధరకి తెచ్చింది.

అసలు తంటా మా ఆయనతో వచ్చింది. అన్నాళ్ళూ నీళ్ళు తాగి తాగి ఆకలి చచ్చిపోయింది. రెండు ముద్దలకే పళ్ళెం పక్కకి నెట్టేవాడు. అత్తయ్య బతిమాలింది, కసిరింది, చిన్నప్పటి కథలు తవ్వింది. తినకపోతే గింజలు రుబ్బి, ఉల్లిపాయ కలిపి, పెనం మీద బిళ్ళల్లా కాల్చింది. అవి విసుగొస్తే వేయించిన వేరుశనగలు దంచి పాలల్లో కలిపింది. ఆయన "నన్ను పెంచుతున్నావా, మేపుతున్నావా?" అని గింజుకున్నాడు. "ఏదో ఒకటిలే, నోరు తెరువు" అంది. నేను కొట్టు నుంచి వచ్చేసరికి తల్లీకొడుకులిద్దరూ అలిసిపోయి, చెరో గోడకీ ఆనుకుని కూర్చుని ఉండేవాళ్ళు. పళ్ళెం మాత్రం ఖాళీగా ఉండేది.

ఒకరోజు వంటగదిలోకి వెళ్తే అత్తయ్య నిలబడే అన్నం తింటోంది. అందులో గింజ లేదు. గింజలు ఉడికిన నీళ్ళు మాత్రం పోసుకుంది. ఆ రోజు ఒక్కటే కాదు, రోజూ అదే తంతని తెలిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదేంటి అత్తయ్యా?"

"నా వాటా నేను ముందే తినేశాను."

"శిక్షా ఇది? ఎవరికి? మీరు పడిపోతే నేను కొట్టు మానెయ్యాలి. అప్పుడు ఆయనకి గింజలు కాదు, ఆ కడిగిన నీళ్ళు కూడా ఉండవు!"

జన్మలో ఆవిడ ముందు అంత గొంతు ఎత్తలేదు నేను. పక్క గదిలోంచి ఆయన, "ఏమైంది?" అని కేకేశాడు. "ఏం లేదు, గిన్నె జారింది" అన్నాను. మూడు పళ్ళేలు తీసి మూడింటిలోనూ సమానంగా గింజలు వడ్డించి, ఆవిడ పళ్ళెం చేతికిచ్చి ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ నన్ను మిర్రి మిర్రి చూసింది. నేనూ చూశాను. చివరికి తినడం మొదలుపెట్టి, "ఉప్పు తక్కువైంది" అంది. ఆవిడే వండింది, ఆ మాట నేను గుర్తుచెయ్యలేదు. ఆ తర్వాత రోజూ అలాగే నిలబడ్డాను.

డాక్టరు చెప్పిన గడువు వచ్చింది. నర్సమ్మ కట్టు విప్పింది. పుండు అంచుల నుంచి గులాబీ రంగు కొత్త చర్మం లోపలికి పాకుతోంది. మధ్యలో మిగిలింది చిన్న మచ్చంత. డాక్టరు వంగి చూసి, "కొయ్యక్కర్లేదు. దానంతట అదే పూడుతుంది. ఇక మెల్లగా కాలు మోపి నడువు" అన్నాడు. అత్తయ్య ఆ కొత్త చర్మాన్ని దగ్గరగా చూసి, కొత్తగా ముంచి తీసిన నూలుని చూసినట్టు, "రంగు బాగా పట్టింది" అంది. నర్సమ్మకి అర్థం కాలేదు. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి.

ఇంటి దగ్గర మెట్ల కింద పనివాళ్ళు కుర్చీతో సిద్ధంగా ఉన్నారు. "ఎక్కరా బీరువా."

"బీరువా అమ్మేశాం, పొండి" అన్నాడు మా ఆయన.

ఒక చేత్తో గోడ పక్క కడ్డీ పట్టుకున్నాడు. రెండో చెయ్యి నా మీద వెయ్యబోతే అత్తయ్య నన్ను పక్కకి జరిపి తను వచ్చి భుజం ఇచ్చింది. నా చేతికి మందుల సంచి మిగిలింది. మెట్టు మెట్టుకీ ఆయన బరువు ఆవిడ మీద పడుతుంటే వెనక వస్తున్న నా ప్రాణం లేచిపోతోంది. ఆవిడ మాత్రం ఇంటి ఓనరుని తిట్టుకుంటూ ఎక్కుతోంది. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగింది ఆయన, ఆవిడ కాదు. నుదుటి మీది చెమట తుడుచుకుంటూ తల్లి భుజం తడిమి చూశాడు.

"ఇంత బలం ఎక్కడిదే అమ్మా నీకు?"

అత్తయ్య ఆయన చెయ్యి మళ్ళీ లాగి మెడ చుట్టూ వేసుకుంది.

"నీదేరా. నా దగ్గర ఉండిపోయింది. పద, పైదాకా ఇచ్చేస్తాను."