కాశమ్మత్త వాగు దారి

మార్కాపురం బస్టాండు దాటి యర్రగొండపాలెం వైపు తిరిగే చోట ఈ మధ్య రోడ్డుకు కొత్తగా తారు పోస్తున్నారు. కిటికీ తెరిస్తే చాలు, కాగే తారు వాసన గదంతా నిండుతుంది. ఇంట్లో పిల్లలు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగిలినప్పుడల్లా కాశమ్మత్త గుర్తుకొస్తుంది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. మద్రాసు సర్కారు రోజుల్లో దారులు, బడులు చూసుకునే మా తాలూకా బోర్డులో ఉన్న ఒకే ఒక ఆడ మెంబరు ఆమె. భర్త చనిపోయాక పొలం తానే చేయించుకుంటూ, పెద్దయ్యాక చదవడం నేర్చుకున్న మనిషి. నేను అప్పుడే మార్కాపురం ఆడపిల్లల బడిలో టీచరుగా చేరి, ఆమె ఇంట్లో ఒక గదిలో ఉండేదాన్ని. చుట్టరికం ఏమీ లేకపోయినా అత్తా అని పిలిచేదాన్ని.

మా ఊరు యర్రగొండపాలెం పక్కన అడవి అంచున ఉంటుంది. మా నాయన గొర్రెలు కాసేవాడు. సెలవు దొరికితే నేను చెన్నప్ప మోటారెక్కి ఇంటికి పోయేదాన్ని. చెన్నప్ప కాశమ్మత్తకు సొంత తమ్ముడు. పొలం అమ్మి రెండు మోటారు బస్సులు కొని ఆ దారిన నడిపేవాడు. మొదట్లో జనం వాటిని చూడటానికే వచ్చేవారు. తర్వాత కరువొచ్చింది, ఎక్కేవాళ్లు తగ్గారు. దానికి తోడు దారిలోని వాగు దగ్గర రాళ్లకు తగిలి స్ప్రింగులు విరిగేవి, వాన పడితే చక్రాలు ఇసుకలో దిగబడేవి. బాగుచేయించడానికే వచ్చిందంతా పోయేది. చివరికి సర్వీసు ఆగిపోయే స్థితి వచ్చి, బోర్డు సొమ్ముతో తనను నిలబెట్టమని చెన్నప్ప అర్జీ పెట్టుకున్నాడు. మెంబర్లలో చాలామందికి ఇష్టమే. తాలూకాలో మోటారు తిరగడం ఊరికి గౌరవమని వాళ్ల లెక్క.

మీటింగుకు ముందు ఒక సాయంత్రం చెన్నప్ప అక్క ఇంటికి వచ్చాడు. అన్నం తిని, చేయి కడుక్కుని, అక్క ఎదురుగా కూర్చున్నాడు.

"నా ఒక్కని కోసం అడగలేదక్కా. డ్రైవర్లున్నారు, క్లీనర్లున్నారు. వాళ్ల పిల్లలేం తినాల?"

"ఇప్పుడిస్తే సరే. వచ్చే ఏడు మళ్లా ఇట్లే అయితే ఏం చేస్తావు?" అని ఆమె అడిగింది.

అతడు కండువా దులుపుకుని లేచాడు. అతడు వెళ్లాక నేను ఆమెతో వాదించాను. మన దగ్గర పన్నులు తీసుకునే సర్కారు, మనకు అక్కరకొచ్చే మోటారును ఎందుకు కాపాడకూడదని అడిగాను. నిజానికి సర్వీసు ఆగితే ఇంటికి పోవడమెట్లా అన్నదే నా బెంగ. ఆమె వేరుశనక్కాయలు ఒలుస్తూ, నా వైపు చూడకుండానే అంది.

"మీ నాయన ఎప్పుడన్నా ఆ మోటారెక్కినాడా, సుబ్బులూ? అడవిలో గొర్రెలు మేపినందుకు పుల్లరి మాత్రం కడతాడు గదా."

మా నాయన గొర్రెలతో నడిచే పోతాడు, నడిచే వస్తాడు.

ఆ వారం ఆమె నాతోపాటు మోటారెక్కింది. వాగు దగ్గర బస్సు దిగబడింది. అందరం దిగి తోశాం. ఆమె మాత్రం గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసింది. అవతల కట్టెల బండ్లు ఆగి ఉన్నాయి. ఇవతల ఒక గొర్రెల మంద ఆగి ఉంది. పురిటికి పుట్టింటికి పోయే పిల్ల ఒకతె బండిలోనే నడుము పట్టుకుని కూర్చుంది. కాశమ్మత్త పోయి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

మీటింగు రోజు నేను వరండాలో నిలబడి విన్నాను. అందరికంటే ముందు ఆమే లేచింది.

"చెన్నప్ప నా తోడబుట్టినోడు. అందుకే ముందు నేనే చెప్తున్నా. ఈ సొమ్ము మోటార్లకు ఇయ్యొద్దు. వాగు కాడ రాయి పరిచి దారి కట్టండి. దారి బాగుంటే నా తమ్ముడన్నా నడుపుతాడు, ఇంకొకరన్నా నడుపుతారు. బండ్లు, గొర్రెలు, పురిటి ఆడోళ్లు అందరూ దాటుతారు."

ఒక ప్లీడరు మెంబరు లేచి, దారి తయారయ్యేదాకా ఆ పనివాళ్ల గతేమిటని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. ఆమె తడుముకుంది. వాళ్లలో పని కావలసినవాళ్లను దారి పనిలో పెట్టుకోవాలని అడిగింది. చాలాసేపు వాదించుకుని చివరికి ఒప్పుకున్నారు. ఆమె బయటికి వచ్చి నా పక్కన నిలబడింది. తన అర్జీ సంగతి వినడానికి వచ్చిన చెన్నప్ప మా ఇద్దరి ముందు నుంచే, మా వైపు చూడకుండా మెట్లు దిగి పోయాడు.

ఆ సాయంత్రమే ఆమె జొన్నరొట్టెలు చేసి, గోంగూర పచ్చడితో మూటగట్టి తమ్ముడి ఇంటికి బయలుదేరింది. నన్నూ రమ్మంది. అతడు గదిలోంచి బయటికి రాలేదు. మరదలు మూట అందుకుని లోపలికి పోయింది. కాశమ్మత్త అరుగు మీద కాసేపు కూర్చుని లేచింది. దారిలో నేను ఉండబట్టలేక, మనల్ని వద్దనుకునేవాళ్ల ఇంటికి పోయి అవమానపడటమెందుకని అడిగాను.

"నేను కాదన్న తర్వాత మొగం చాటేస్తే, వాడు నాకు అక్కర్లేదని చెప్పినట్టయితది. నేను అట్ల చెప్పలేదు గదా," అంది.

తర్వాత కూడా పోతూనే ఉంది. దారి పని అనుకున్నదానికంటే ఆలస్యమైంది. ఇద్దరు డ్రైవర్లు, ఒక క్లీనరు రాళ్లు మోశారు. ఇంకో క్లీనరు ఆ పని తనవల్ల కాదని ఇల్లూ వాకిలీ వదిలి పెళ్లాం బిడ్డలతో గుంటూరు వైపు వెళ్లిపోయాడు. అతని మాట వస్తే కాశమ్మత్త చేతిలో పని ఆపేసేది. తాను చేసింది పూర్తిగా సరైందని ఆమె ఎన్నడూ అనగా నేను వినలేదు.

చెన్నప్ప ఒక బస్సు అమ్మేసి, మిగిలినదాన్ని తానే నడపడం నేర్చుకున్నాడు. దారి పూర్తయ్యాక ఒక పొద్దున మా వాకిట్లో హారను మోగింది. అతడు దిగలేదు. స్టీరింగు దగ్గర కూర్చునే, "అక్కా, యర్రగొండపాలెం దాకా వస్తావా?" అన్నాడు.

"డబ్బులు తీసుకుని టిక్కెట్టిస్తేనే ఎక్కుతా," అంది ఆమె. చీర కూడా మార్చుకోకుండా ఎక్కేసింది. ఆమె వెనకాలే నేనూ ఎక్కాను.

ఆ రోజు వాగులో నీళ్లు పారుతున్నాయి. రాతి కట్టు మీద మా నాయన మంద దాటుతోంది. చెన్నప్ప హారను కొట్టకుండా బండి ఆపి, ఆఖరి గొర్రెపిల్ల ఒడ్డెక్కేదాకా ఓపికగా కూర్చున్నాడు. ముందు సీట్లో కాశమ్మత్త నవ్వుకోవడం నేను చూశాను.

ఆ తర్వాత నేను హెడ్మిస్ట్రెస్‌నయ్యాను. సీట్లు లేవనో, సెలవు కుదరదనో చాలామందిని కాదనవలసి వచ్చింది. కాదన్న రోజు సాయంత్రం వాళ్ల ఇంటికి పోవడం నాకు అలవాటైంది. కొందరు మంచినీళ్లిచ్చి మాట్లాడతారు. కొందరు తలుపు తీయరు. తీయకపోతే అరుగు మీద కాసేపు కూర్చుని వస్తాను. మర్నాడు మళ్లీ పోతాను.