సర్కారుకు అప్పిచ్చిన మా మేనత్త

మొన్న గద్వాలలో మా చెల్లెలి మనవరాలు ఫోను నా ముందు పెట్టి, తాను కొన్న సర్కారు బాండు చూపించింది. షేరు కొంటే కంపెనీలో వాటాదారులమట, బాండు కొంటే అప్పిచ్చినవాళ్లమట, అంతే తేడా అని తేలిగ్గా చెప్పేసి, కాగితం మీది బంగారం, పట్నంలోని పెద్ద భవనాల అద్దెల్లో చిన్న వాటా, ఇలా ఇంకా కొన్ని దారులు వేలితో జరుపుతూ చూపించి, దేశానికి అప్పిచ్చిన ఆ పిల్ల చాయ్ పెట్టుకోవడానికి లోపలికి వెళ్లింది. నేను ఫోను చేతిలోకి తీసుకుని ఆ బాండును మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆశ్చర్యం భక్తుల సొత్తని కొందరంటారు. మహిమలు లేవని జీవితమంతా వాదించిన నాకు మాత్రం, ముఖం కూడా తెలియని మనుషులు ఒకరినొకరు నమ్మడానికి కట్టుకున్న ఇలాంటి ఏర్పాట్లను చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆ జలదరింపు నాకు మొదట మా మేనత్త వల్ల కలిగింది. అత్తా మామా గద్వాల చీరలు నేసేవాళ్లు. మగ్గం సావుకారిది, పట్టు సావుకారిది, జరీ సావుకారిది. నడుము నొప్పి ఒక్కటే వీళ్లది. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయడంలో అత్త చేతికి మంచి పేరుండేది గానీ, ఆ పేరు చీరతోపాటే సావుకారి దుకాణానికి వెళ్లిపోయేది. సొంత మగ్గం పెట్టుకోవాలన్నది ఆమె కోరిక. చిట్టీ ఎత్తిన డబ్బు చేతికొచ్చింది. అది మగ్గానికి సరిపోతుంది, పట్టుకూ జరీకీ చాలదు. కోరికకూ డబ్బుకూ మధ్య మిగిలే ఆ సందులోకే ఏజెంట్లు దూరతారు.

వచ్చినవాడు మామకు వరసకు తమ్ముడు. బిజినేపల్లి దగ్గర ఒక కంపెనీ టేకు మొక్కలు పెంచుతున్నదని, మన పేరున ఒక వరుస కొనుక్కుంటే చెట్లు పెరిగాక ఒకటికి పదింతలు వస్తుందని, అక్షయ తృతీయ నాడు డబ్బు కడితే తరగనే తరగదని చెప్పాడు. నేనప్పుడు గోపాల్‌పేట బడిలో పంతులుగా కొత్తగా చేరి, సెలవు దొరికితే వనపర్తి చర్చా సభల్లో గొంతు చించుకునే రోజులు. లాభం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేనివాడు ముహూర్తాన్ని మాత్రం నిమిషంతో సహా చెబుతున్నాడని మండిపడ్డాను. డబ్బు పెట్టే ముందు తిరిగి ఇచ్చేదెవరు, ఏ రాబడి నుంచి ఇస్తారు, మధ్యలో అవసరం పడితే బయటికి తీసుకోవచ్చా అని అడగాలనీ, ఆశ ఎంత పెద్దదైతే అపాయం అంత పెద్దదనీ ఉపన్యాసమిచ్చాను. మామ బీడీ ఆర్పి తాపీగా అన్నాడు: "నీకు దేవుడు లేడు, సరే. టేకు చెట్టు గూడ లేదంటవా అల్లుడా?"

అత్త నవ్వలేదు. చెట్టును చూసినంకనే పైసలిస్తానంది. అత్తా మామా నేనూ బస్సెక్కి వెళ్లాం. ఎర్రమట్టి చేలో మోకాలెత్తు మొక్కలు నిజంగానే ఉన్నాయి. ఏజెంటు ఒక వరుస చూపించి ఇవి నీవే వదినె అన్నాడు. నేతవాళ్ల ఇళ్లలో కొత్తది ఏది వచ్చినా, గంగాళమైనా మేకపిల్లయినా, దిష్టి తగలకుండా చిన్న జరీ పోగు కట్టడం అలవాటు. అత్త నడుముకు దోపుకున్న సంచిలోంచి పోగు తీసి మొదటి మొక్కకు ముడివేసింది. మొక్కకూ దిష్టేనా అని నేను విసుక్కున్నాను.

ముహూర్తం ఇంకా రాకముందే పక్కింటి నేతక్క కూడా మొక్కలు చూడాలని బయలుదేరింది. తోడు రమ్మంటే అత్త వెళ్లింది, నేనూ వెళ్లాను. ఏజెంటు ముందు నడిచి, ఒక వరుస దగ్గర ఆగి, ఇవి నీవే అక్కా అన్నాడు. మొదటి మొక్కకు జరీ పోగు ఎండకు తళతళలాడుతోంది.

"తమ్మీ, గిది నాదన్నవు గద?"

"నీది అవుతల వరస వదినె. పోగు గాలికి కొట్టుకొచ్చినట్లుంది."

"గాలి ముడేస్తదా తమ్మీ?"

నా ఉపన్యాసాలన్నీ చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. ఏజెంటు మళ్లీ మా వీధి తొక్కలేదు. కొన్నాళ్లకు కంపెనీ గదికి తాళం పడితే, వడ్డేపల్లి వైపు నుంచి వచ్చిన రైతులు ఆ తాళం ముందే కూలబడ్డారని విన్నాం. దిష్టిపోగే కాపాడిందని మామ, పోగు కాదు రెండోసారి వెళ్లి చూడటమే కాపాడిందని నేను, రోజుల తరబడి కొట్లాడుకున్నాం. ఇవాళ్టికీ నా మాట అదే. అత్త మాత్రం "ఏదైతేంది, పైసలు నా బొడ్లనే ఉన్నయి గద" అని నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చుంది.

ఆ డబ్బును పోస్టాఫీసు పత్రాల్లో పెట్టించాను. గుమాస్తా వడ్డీ లెక్క చెబితే అత్త అనుమానంగా చూసి, ఎవల నోరుగొట్టి ఇస్తరు సారూ గిది అని అడిగింది. సర్కారు నీ దగ్గర అప్పు తీసుకుని కాలువలకూ రోడ్లకూ వాడుకుంటుందమ్మా అని ఆయన చెప్పాడు. సావుకారి గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడే మా అత్త, సర్కారు తన దగ్గర అప్పు తీసుకున్నదన్న మాట విని, కొంగు తలమీదికి సర్దుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది. గడువు తీరాక వచ్చిన డబ్బుతో ఇంట్లోనే గుంట తవ్వి సొంత మగ్గం దింపారు. మొదటి రోజు ఆ గుంటలోకి కాళ్లు జార్చి కూర్చుని, పోగు నేయకుండా, మగ్గం కింద కాలితో ఆడించే పలకను వట్టినే చాలాసేపు తొక్కింది.

ఇప్పుడు డబ్బు దాచడానికి ఎన్నో దారులు, అన్నీ అరచేతిలోనే. వెళ్లి కళ్లతో చూసి వద్దామంటే మాత్రం ఏ బస్సెక్కాలో ఎవరికీ తెలియదు. అత్తా మామా కాలం చేశారు. ఆ ఇంట్లో గుంట పూడ్చి నున్నటి బండలు పరిచారు, వాటిమీద పిల్లలు చెప్పులతోనే తిరుగుతారు. తర్కానికి నిలవదని నాకూ తెలుసు గానీ, ఎప్పుడు వెళ్లినా నా కాళ్లు ఆ చోటు తొక్కకుండా గోడవారగా తిరిగి వెళతాయి.